మోకాలి ఎత్తు

కిర్గిజ్ కొండల్లోకి మంచు చిరుతల కోసం వాలంటీరుగా వెళ్లి అప్పటికి రెండు నెలలైంది. కనుమలో నేను బండకి కట్టిన, ఎదుట ఏది కదిలినా దానంతటదే ఫొటో తీసే కెమెరాలో ఒక్క చిరుతా పడలేదు. ఇంకో వారంలో వీసా అయిపోతుంది. ఒక్క ఫొటో అయినా లేకుండా ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లాలా అని లోలోపల ఉడికిపోతున్నాను.

కాకినాడలో మా నాన్నది కెమెరాలు బాగుచేసే దుకాణం. అందుకని కెమెరా సంగతి నాకొకరు చెప్పాలా అని పొగరు. ఫొటో అంటే గుండెల ఎత్తున పెట్టి తీయాలని దుకాణంలో నేర్చుకున్నదే అక్కడా చేశాను.

నాకు జాడలు చూడటం నేర్పిన పెద్దాయన పేరు సగిన్‌బెక్. డెబ్బై ఏళ్లుంటాయి. ఒకప్పుడు వేటగాడు. మా మధ్య ఉన్నవి నాలుగు ఇంగ్లీషు ముక్కలే. నన్ను మాత్రం వాళ్ల భాషలో "బాలం" అనేవాడు, నా బిడ్డా అని. ఆ పిలుపు విని పదకొండేళ్లైంది. ఇప్పటికీ దాని మీద బెంగే.

"అతా, ఇక్కడ చిరుత లేదు. వేరే చోటికి మారుద్దాం," అన్నాను. అతా అంటే పెద్దాయనా అని.

ఆయన టోపీ తీసి నా చేతికిచ్చాడు. మంచులో చేతులూ మోకాళ్లూ ఆనించి, కెమెరా ముందు నుంచి మెల్లగా పాకుతూ వెళ్లాడు. ఆ ముసలి కీళ్లు పటపటమనడం నాకు వినిపించింది.

"ఇప్పుడు చూడు," అన్నాడు లేచి.

కెమెరా తెరిచాను. ఏమీ పడలేదు. ఆయన దాని చూపు కిందనుంచే వెళ్లిపోయాడు.

సిగ్గుపడి దాన్ని మోకాలి ఎత్తుకి దించి కట్టాను. ఆయన్ని మళ్లీ శ్రమపెట్టడం ఇష్టం లేక ఈసారి నేనే పాకాను. సగంలో ఆగిపోయాను. ఎదుటి బండ అడుగున, మంచు పడని చోట, నా ముక్కుకి జానెడు దూరంలో రెండు తెల్లటి వెంట్రుకలు. పక్కనే పంజాతో గీరిన మన్ను. ఇన్నాళ్లూ ఆ బండ పక్కనుంచే నడిచాను.

"నువ్వు రాకముందు నుంచీ దాని దారి ఇదే," అన్నాడాయన.

వారం గడిచినా చిరుత రాలేదు. బయల్దేరే రోజు కార్డులో ఒకే ఒక్క ఫొటో ఉంది. నాలుగు కాళ్ల మీద నేను, బండకేసి మొహం పెట్టి. చెరిపేయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ బాలం. నువ్వు ఈ కొండని చూస్తున్న ఫొటో ఇదొక్కటే."