గుండీలు కుట్టిన ఉత్తరం

పందిరిపాలెం మొత్తానికి తెలివైన ఇల్లు దర్జీ గవర్రాజుది. ఈ మాట ఊళ్ళో వాళ్ళు అనలేదు, గవర్రాజే అన్నాడు. అతని పెళ్ళాం మంగాయమ్మ అవునంది. మంగాయమ్మ తమ్ముడు అబ్బులు ఆ ఇంట్లోనే ఉండి కాజాలు కుట్టేవాడు, వాడు ముమ్మాటికీ అవునన్నాడు. ఇంట్లో ముగ్గురూ ఒప్పేసుకున్నాక ఇంక ఊరితో పనేముంది?

"మనకీ ఊళ్ళోవాళ్ళకీ తేడా ఏంటో తెలుసా?" అనేవాడు గవర్రాజు, మెళ్ళో టేపు సవరించుకుంటూ. "వాళ్ళు ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం."

"ప్రెసిడెంటు గారు చొక్కా ఎడం చెయ్యి పొడుగైంది, తగ్గించమన్నారు కదా బావా. ఎడం చెయ్యే తగ్గించాం. కుడి చెయ్యి ముట్టుకున్నామా?"

"ముట్టుకోలేదు."

"కొలిచామా?"

"కొలవమని ఆయనంటే కదరా!"

వీళ్ళకి ఒక్కతే కూతురు, భూలక్ష్మి. పదమూడేళ్ళు. ఆ పిల్లకి ఎవరి పోలికొచ్చిందో గానీ, ఇంట్లో వాళ్ళ పోలిక మాత్రం రాలేదు. దేవుడు కాస్త దయ చూపించాడనుకోవాలి.

ఒకరోజు భూలక్ష్మి జామచెట్టెక్కి జారిపడింది. కాలు విరిగింది. పట్నంలో ఎముకల డాక్టరు పిండికట్టు వేసి, "నేను చెప్పేదాకా అమ్మాయి కాలు కింద పెట్టకూడదు" అన్నాడు.

అంతే. పిల్లని తీసుకొచ్చి గుడ్డలు కత్తిరించే బల్ల మీద కూర్చోబెట్టారు. మూడు వారాలకి ఆ డాక్టరుకి బదిలీ అయి ఎక్కడికో వెళ్ళిపోయాడు. కొత్త డాక్టరు వచ్చి, కట్టు విప్పి, కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "శుభ్రంగా అతుక్కుంది, ఇంక నడిపించండి" అన్నాడు.

"తమరు కాదండి, ఆయన చెప్పాలండి" అన్నాడు గవర్రాజు దణ్ణం పెట్టి.

ఇంకేముంది? పిల్ల మళ్ళీ బల్లెక్కింది. ఎనిమిది నెలలు దిగలేదు. తిండీ అక్కడే, నిద్రా అక్కడే. మరి స్నానం అదీ ఎలాగని అడుగుతారేమో. తల్లి ఒక పక్కా మేనమామ ఒక పక్కా పట్టుకుని ఎత్తుకెళ్ళి, ఎత్తుకొచ్చేవాళ్ళు. ఒకసారి ఎవరూ చూడకుండా దూకబోయింది. అబ్బులు గాల్లోనే పట్టేసుకున్నాడు. అప్పట్నుంచీ వాడు బల్ల పక్కన కూర్చునే కాజాలు కుట్టేవాడు.

వేసవి సెలవలకి ముందు ఊళ్ళో హైస్కూలు పెద్ద పంతులమ్మ శకుంతలమ్మ గారు వచ్చింది. ఈ పిల్ల బడికి ఎందుకు రావట్లేదో కనుక్కుందామని వచ్చింది, కనుక్కుంది, తల పట్టుకుంది. గంటసేపు వాదించింది. గవర్రాజుతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

"సరేనయ్యా, ఇంట్లోనే చదివించు" అంది చివరికి. "జూన్‌లో పరీక్ష పెడతాను. పాసైతే తొమ్మిదిలో కూర్చోబెడతా, లేదంటే మళ్ళీ ఎనిమిదే. లెక్కలకేం ఢోకా లేదు గానీ, దీని తెలుగే నా భయం. మొదలెట్టిందంటే పేజీ చివరిదాకా ఒక కామా ఉండదు, ఒక ఫుల్‌స్టాప్ ఉండదు. చదివేవాళ్ళకి ఊపిరాడదు. వాక్యం అయిపోయిన చోట ఫుల్‌స్టాప్ లేకపోతే ఆ పేపరు నేను ముట్టుకోను. మంచి వ్యాకరణం పుస్తకం చూసి కొనండి."

భూలక్ష్మి బల్ల మీంచి ఇదంతా వింది. తోటివాళ్ళంతా తొమ్మిదికి వెళ్ళిపోతే తను మళ్ళీ చిన్నపిల్లల మధ్య కూర్చోవాలా? ఆ కూర్చోవడమైనా బడిలో కూర్చుంటుందా, ఈ బల్ల మీదేనా?

"నాన్నా, ఎనిమిదో తరగతిదే తీసుకురా. దండిగా అభ్యాసాలున్నది చూడు" అని మరీ మరీ చెప్పింది.

"పుస్తకం ఎంచడం మాకు చెబుతావా? ముప్పయ్యేళ్ళుగా గుడ్డలు ఎంచుతున్నాం!" అన్నాడు గవర్రాజు.

బావా బావమరిదీ మండపేట వెళ్ళి పుస్తకాల కొట్లో నిలబడ్డారు.

"అమ్మాయి ఏ స్థాయిలో ఉందండీ?" అడిగాడు కొట్టాయన.

"నేలకి రెండున్నర అడుగుల ఎత్తులోనండి" అన్నాడు గవర్రాజు.

కొట్టాయన ఒకసారి ఇద్దర్నీ చూసి, మూడు పుస్తకాలు ముందు పరిచాడు. గవర్రాజు ఒక పుస్తకం తీసి కాగితాన్ని రెండు చేతుల్తో నిలువుకీ అడ్డానికీ లాగి చూశాడు. అది పర్రుమంది. "నాణ్యం లేదు" అన్నాడు. రెండోది తీసి చెంపకి రుద్దుకున్నాడు. "గరుగ్గా ఉంది, పిల్లకి ఒరుసుకుంటుంది." ఈలోగా అబ్బులు మూడోదాని కుట్టులోంచి దారంపోగు లాగి అగ్గిపుల్ల గీశాడు.

"ఏం చేస్తున్నావయ్యా!" కొట్టాయన కేకేశాడు.

"నూలో కాదో చూస్తున్నానండి. నూలేనండి, ఆయ్! బూడిద పొడిగా రాలింది. బావా, ఇది తీసేసుకో."

"అది పదో తరగతిదయ్యా! మీ అమ్మాయి ఎనిమిది కదా?"

గవర్రాజు జాలిగా నవ్వాడు. "పెరిగే పిల్లండి. ఇప్పుడు సరిపోయేది కొంటే వచ్చే ఏడాదికి బిగువైపోతుంది. రెండు సైజులు పెద్దది తీసుకుంటే లోపలికి మడిచి కుట్టొచ్చు."

కొట్టాయన గబగబా పుస్తకం పొట్లం కట్టి ఇచ్చేశాడు. అగ్గిపెట్టె బయటికి వెళ్ళడమే ఆయనక్కావలసింది.

పుస్తకం ఇంటికొచ్చింది. భూలక్ష్మి బల్ల మీంచి చేతులు చాపింది. గవర్రాజు ఇవ్వలేదు, తిన్నగా పెరట్లోకి తీసుకెళ్ళి బకెట్టు నీళ్ళలో ముంచాడు.

"నాన్నా!"

"కొత్త గుడ్డ తడపకుండా కత్తిరించేవాడు దర్జీయేనా? ముడుచుకుపోయేదేదో ముందే ముడుచుకుపోవాలి."

సాయంత్రానికి పుస్తకం బాగా ముడుచుకుపోయింది. ఉబ్బింది కూడా. దాన్ని పిండి, దండెం మీద ఆరేసి, బొగ్గుల పెట్టెతో పేజీ పేజీ ఇస్త్రీ చేశారు. అంచులు వంకర్లు తిరిగాయి. వంకర అంచు చూసి ఊరుకునే మనిషా గవర్రాజు? నాలుగు పక్కలా ఒకటిన్నర అంగుళం లోపలికి మడిచి మిషను మీద కుట్టేశాడు. ఎంత అందంగా వచ్చిందో! కాకపోతే ప్రతి వరసలోనూ ఆఖరి మాటలు అంచులోకి వెళ్ళిపోయాయి. వాక్యం ఎక్కడ అయిందో తెలియాలంటే కుట్టు విప్పాలి.

"ఏడవకే. పదో తరగతిలో విప్పుదాం" అన్నాడు తండ్రి.

అబ్బులు పుస్తకం తెరిచాడు. మొదటి అభ్యాసం మీద, 'ఈ క్రింది ఖాళీలను పూరించండి' అని ఉంది.

"అక్కా, కొత్త పుస్తకమే, అప్పుడే పదిచోట్ల ఖాళీలు!"

"పాపం, వాళ్ళే చెబుతున్నారు కదరా, పూరించు."

అంతే. రంగురంగుల గుడ్డపీలికలు కత్తిరించి, ఖాళీ ఖాళీకీ ఒక మాసిక వేశాడు. రెండో అభ్యాసం, 'జతపరచండి'. ఎడమ పక్క మాటలన్నీ ఒక పేలిక, కుడి పక్క మాటలన్నీ ఒక పేలిక కత్తిరించి, రెండూ కలిపి, విప్పినా రాకుండా డబల్ కుట్టు వేశాడు. "ఎంతమంది మేష్టర్లొచ్చినా ఈ జత విడదీయలేరు" అన్నాడు.

ఇంక పాఠం చెప్పడం మంగాయమ్మ వంతు. మాసికల మధ్య మిగిలిన ఒకే ఒక్క పేజీలో, 'చదివేటప్పుడు కామా దగ్గర ఒకటి లెక్కపెట్టేంతసేపు, ఫుల్‌స్టాప్ దగ్గర రెండు లెక్కపెట్టేంతసేపు ఆగాలి' అని ఉంది. మంగాయమ్మకి ఇది తెగ నచ్చింది. కూతురికి చదివి వినిపించడం మొదలెట్టింది.

"అనగనగా ఒక ఊళ్ళో ఒకటి ఒక రైతు ఉండేవాడు ఒకటి రెండు..."

"అమ్మా, అంకెలు పైకి అనక్కర్లేదే!"

"అనకపోతే లెక్కపెట్టానని నీకెలా తెలుస్తుందే?"

నాలుగు రోజులకి ఆ అలవాటు నాలుకకి పట్టేసింది. ఎదురింటి సూరమ్మ జాకెట్ల కోసం వచ్చింది. "అయిపోయాయమ్మా ఒకటి రేపొచ్చి తీసుకో ఒకటి రెండు" అంది మంగాయమ్మ.

"ఒకటి రెండేమిటి? మూడిచ్చాను!"

"మూడూ కుట్టేశాను ఒకటి రెండు!"

"మళ్ళీ రెండంటావేం? మూడోదేదీ? నా పువ్వుల జాకెట్టేదీ?"

వీధి వీధంతా పోగైంది. మూడు జాకెట్లూ తెచ్చి చేతిలో పెట్టేదాకా సూరమ్మ అరుగు దిగలేదు.

ఇలా అందరూ కలిసి చదువు చెబుతుంటే ఆ పిల్ల ఏం కావాలి? బల్ల మీద బోర్లా పడుకుని ఏడ్చింది. ఏడుస్తూ చూస్తే ముక్కు కింద పాత న్యూస్ పేపరు కనిపించింది. దర్జీ బల్ల కదా, కొలతలకి కత్తిరించిన పేపర్లే పరుపు. చొక్కా వీపులూ, జాకెట్టు చేతులూ, కాలర్లూ. భూలక్ష్మి కన్నీళ్ళు తుడుచుకుని ఒక జాకెట్టు చెయ్యి చదివింది. ఎక్కడ ఆగారో, ఎక్కడ ఆగలేదో చూసింది. చంక దగ్గర కత్తిరించేసిన వాక్యాన్ని తనే పూర్తిచేసి, చివర ఫుల్‌స్టాప్ పెట్టింది. బాగుందనిపించింది. ఆ వేసవిలో ఇరవై రెండు చొక్కాలు, నలభై జాకెట్లు, ఒక షేర్వాణీ చదివింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పేపర్లు కూడా తడిపేస్తారని భయం.

జూన్ వచ్చింది. పరీక్ష రోజున గవర్రాజూ అబ్బులూ ముందు, మంగాయమ్మా, తోడు పిలిచిన సూరమ్మా వెనకా పట్టుకుని, పిల్లతో సహా బల్లని మోసుకుంటూ బడికి బయల్దేరారు. ఏ దేవత ఊరేగుతోందో అనుకుని ఇద్దరు ముసలాళ్ళు వీధిలో చెప్పులు విప్పేశారు.

శకుంతలమ్మ గారు బల్లని చూసింది, పిల్లని చూసింది, కాగితాలు ఇచ్చింది. "ఎవరికైనా సరే ఒక ఉత్తరం రాయి. నీ ఇష్టం. అరగంటలో వస్తాను." వెళ్ళబోతూ ఆగి గవర్రాజు వైపు తిరిగింది. "గుర్తుందిగా, ఒక్క ఫుల్‌స్టాప్ పోయినా పేపరు ముట్టుకోను."

భూలక్ష్మి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత తల ఎత్తకుండా రాసింది. రాసి, రెండుసార్లు చూసుకుని, పెన్ను పక్కన పెట్టింది. పెట్టగానే పేపరు తండ్రి చేతిలోకి వెళ్ళిపోయింది.

"ఓరి నాయనో! ఇంతేనా ఫుల్‌స్టాపులు? ఆవగింజంత లేవు! ఒక్క ఉతుక్కి నిలుస్తాయా ఇవి?"

"నాన్నా, వద్దు నాన్నా! ఉతకరు నాన్నా!"

"ఒక్కటి ఊడినా నీ ఏడాది పోతుందే పిచ్చిపిల్లా! అబ్బులూ, సూది తియ్యి!"

అబ్బులు కాలరులో సూది ఎప్పుడూ ఉంటుంది, మంగాయమ్మ కొంగులో గుండీలు ఎప్పుడూ ఉంటాయి. ఇంకేముంది! ఫుల్‌స్టాప్ ఫుల్‌స్టాప్‌కీ ఒక నల్లగుండీ కుట్టారు. కామాలకి జాకెట్టు హుక్కులు కుట్టారు. భూలక్ష్మి లాక్కోబోయింది, అరిచింది, చివరికి మోకాళ్ళలో తల పెట్టుకుంది. ఎనిమిది నెలలు బల్ల మీద కూర్చున్నా అంత దుఃఖం రాలేదా పిల్లకి.

శకుంతలమ్మ గారు వచ్చి పేపరు ఎత్తింది. అది గలగలమంది. గుండీలు తడుముకుంటూ చదివింది.

'డాక్టరు గారికి, నమస్కారం. నేను భూలక్ష్మిని, జామచెట్టు మీంచి పడిన పిల్లని. నా కాలు బాగుంది. ఎనిమిది నెలలుగా బల్ల మీదే ఉన్నాను. మా వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, మీ మాట మీద అంత గౌరవం. అందుకే మీరే చెప్పాలి. నాకు నేల మీద నడవాలనుంది, బడికి వెళ్ళాలనుంది. దయచేసి ఒక్క మాట రాయండి.'

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆవిడకే తెలియలేదు. మళ్ళీ పెట్టుకుని గుండీలు లెక్కపెట్టింది. ఎనిమిది. ఉండవలసిన చోట్ల ఉన్నాయి, అక్కర్లేని చోట ఒక్కటీ లేదు. నాలుగు హుక్కులూ అంతే.

"పాస్" అంది. "తొమ్మిదో తరగతి. ఈ ఉత్తరం నేనే పోస్టు చేస్తాను."

"చూశావుటే, గుండీ లేకపోతే ఏమయ్యేదో!" అన్నాడు గవర్రాజు.

ఆసుపత్రిలో అడ్రసు కనుక్కుని ఆవిడ ఉత్తరాన్ని పార్సిలు కట్టి పంపింది. వారం తిరక్కుండా డాక్టరు దగ్గర్నుంచి కార్డొచ్చింది. మూడే ముక్కలు. 'అమ్మాయిని వెంటనే కిందికి దింపండి. నడిపించండి. బడికి పంపించండి.'

గవర్రాజు ఆ కార్డుని కళ్ళకద్దుకున్నాడు. అక్షరం పొల్లుపోకుండా చేశారు. దింపారు. పిల్ల చల్లటి నేల మీద రెండు పాదాలూ ఆనించి, వేళ్ళు కదిపి చూసుకుని, పకపకా నవ్వింది. నడిపించారు. పెరటి చుట్టూ, వీధి చుట్టూ పరుగే పెట్టింది. మర్నాడు పొద్దున్న కొత్త లంగా ఓణీ కట్టి బడికి పంపించారు. తొమ్మిదో తరగతిలో మొదటి బెంచీలో కూర్చుంది.

సాయంత్రం బడి వదిలేశారు. భూలక్ష్మి గంతులేసుకుంటూ ఇంటికొచ్చేసరికి వీధి గుమ్మం దగ్గర అబ్బులు చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు. వాడి వెనక తల్లీ తండ్రీ కార్డు పట్టుకుని కూడబలుక్కుని చదువుతున్నారు.

"ఇదేంటే, వచ్చేశావు? పంపించమన్నారు గానీ, మళ్ళీ రానివ్వమని ఎక్కడుందే ఇందులో? ఫుల్‌స్టాప్ కూడా పెట్టేశారు డాక్టరు గారు!" అన్నాడు గవర్రాజు.

దీపాలు పెట్టే వేళకి శకుంతలమ్మ గారు బడికి తాళం వేయబోతుంటే, నలుగురు మనుషులు బల్ల మోసుకుంటూ గేటులోంచి వస్తున్నారు. బల్ల మీద దిండు, దుప్పటి, మంచినీళ్ళ చెంబు. ముందు నడుస్తున్న భూలక్ష్మి నేరుగా ఆవిడ దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

"టీచర్ గారూ, ఒక కాగితం ఇప్పించండి. డాక్టరు గారికి ఇంకో ఉత్తరం రాయాలి."