దొరగారి గుమ్మంలో తిరగమోత

సముద్రం దాటి దొరల పట్నానికి బతకడానికొచ్చింది, బట్టలు కుట్టే వీరాయమ్మ. ఆ పట్నంలో కాగితం మీద అధికారి ముద్ర లేనిదే ఎవరూ గది అద్దెకివ్వరు. అధికారేమో, “ఇక్కడ కాపురముండేవాళ్ళకే ముద్ర వేస్తాం. ముందు గది చూసుకుని రా, పో!” అన్నాడు.

వాన ముంచుకొస్తోంది. తలదాచుకునే చోటు లేదు. వీరాయమ్మ ఆయనింటి గుమ్మంలోనే చాప పరిచి, కుంపటి రాజేసి, చారుకు తిరగమోత పెట్టింది. మిరపకాయల ఘాటుకి అధికారి తుమ్ముకుంటూ బయటికొచ్చాడు. వీధంతా మూగింది.

“చూశారా! ఈవిడ నా గుమ్మంలోనే కాపురం పెట్టేసింది!”

“అవును దొరగారూ,” అంది వీరాయమ్మ తలొంచుకుని. “ఇక్కడే కాపురముంటున్నానని ఇంతమందిలో తమరే చెప్పారు. ఆ ముద్రేదో వేసేస్తే, గది చూసుకుని చాప చుట్టేస్తాను.”

అధికారి ఇంకోసారి తుమ్మి, పకపకా నవ్వేసి, ముద్ర తెప్పించాడు.

కొత్త గదిలో కాచిన చారులో మొదటి గిన్నెడు ఆయనింటికే వెళ్ళింది.