బందెలదొడ్డిలో చెంగమ్మ మీటింగు

ఎర్రకొండ కింద జొన్న చేలన్నీ శేషప్ప నక్కవే. ఎట్లా వచ్చాయని మాత్రం అడగొద్దు, అడిగినవాళ్లకు ఆ చుట్టుపక్కల పని పుట్టలేదు. నక్కకు జొన్నలెందుకని మీకు అనుమానం రావచ్చు. జొన్నలు కోళ్లకు వేసేవాడు, కోళ్లను తాను తినేవాడు. వాడి వ్యవసాయం అంతే.

ఆ చేలల్లో కోసిన కంకులను కళ్లానికి మోసేది చెంగమ్మ అనే గాడిద. కళ్లంలో గుండ్రంగా తిరిగి, కంకులు తొక్కి గింజ రాల్చేది లింగన్న అనే ముసలెద్దు, ఓబులేసు అనే దున్నపోతు, వాళ్ల వెనక ఇంకొన్ని ఎడ్లు. తొక్కుతూ తొక్కుతూ ఎవరైనా ఒక కంకి నోట పెట్టుకుంటారేమోనని అందరి మూతులకూ నార చిక్కాలు బిగించి ఉండేవి. చిక్కంలోంచి మాట వస్తుంది గానీ లోపలికి మేత పోదు. వేరే చోట్ల పని ఆగితే చిక్కం తీస్తారు. శేషప్ప పొద్దున కట్టాడంటే పొద్దుగూకేదాకా తీసే మాటే లేదు. నీళ్లు కూడా నార సందుల్లోంచి పీల్చుకోవాల్సిందే.

ఒకరోజు నడిపొద్దున లింగన్న మోకాళ్లు మడతపడి కళ్లంలోనే కూలబడ్డాడు. చెంగమ్మ వీపు మీది మోపు కింద పడేసి, ఆయనకు ఎండ తగలకుండా అడ్డంగా నిలబడింది.

సీతాఫలం చెట్టు నీడలోంచి శేషప్ప పలికాడు. "ఏమ్మే చెంగమ్మా, పడింది నువ్వా, ఆ ముసలోడా?"

"పడింది లింగన్న మామే అయ్యా. రేపు నేను పడతా, ఎల్లుండి ఓబులేసు పడతాడు. అందుకే ఇప్పుడే అడుగుతున్నా. నడిపొద్దున కాసేపు నీడ కావాల. ఆ కాసేపూ చిక్కాలు తీసెయ్యాల."

"నిన్ను అడగమన్నదెవరు?"

"ఎవరూ చెప్పలా. మూతి పుండ్లు అందరికీ ఉన్నాయి. నాది కొంచెం పెద్ద గొంతు, అంతే తేడా."

ఓబులేసు ముక్కులోంచి నవ్వాడు. వెనక ఎడ్లూ నవ్వాయి. శేషప్ప ఆ అడిగినదానికి భయపడలేదు గానీ, అందరూ ఒక్కసారే నవ్వారు చూడండి, దానికి భయపడ్డాడు. లేచి నిలబడి తోక దులుపుకున్నాడు.

"ఇదిగో, అందరూ వినండి. ఇక నుంచి నా కళ్లంలో ఇద్దరు మాట్లాడుకున్నారంటే బందెలదొడ్డే."

చేలో పడి మేసే పశువులను తోలి బంధించే రాతిగోడల దొడ్డి అది. దాని పేరు వింటేనే పశువులు హడలిపోతాయి. నవ్వులన్నీ ఆగిపోయాయి.

చెంగమ్మ మాత్రం వంగి, "మోకాలు బాగా నొప్పిగా ఉందా మామా?" అని అడిగింది.

లింగన్న బదులు చెప్పలేదు. తల దించుకున్నాడు. శేషప్ప చెంగమ్మను అప్పటికప్పుడే దొడ్డికి తోలుకుపోయాడు. ఆమె వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ తల ఎత్తలేదు.

దొడ్డికి కావలి గంగులప్ప తోడేలు. అతను శేషప్ప మనిషి కాదు, అడవి పంచాయితీ మనిషి. నవ్వడు, అరవడు, రూలు తప్పడు. చెంగమ్మ లోపలికి రాగానే ముందు ఆమె చిక్కం విప్పి గోడ మీద వేశాడు.

"అదేందప్పా, విప్పుతున్నావు?" అన్నాడు శేషప్ప.

"రూలు. దొడ్డిలో ఉన్నవాళ్లకు చిక్కం ఉండకూడదు. నీడ ఉండాల. పని చెప్పకూడదు. రెండు పూటలా మేత పెట్టాల. మేత తేవాల్సింది పట్టి ఇచ్చినవాడే."

"ఎవడు పెట్టాడీ రూలు?"

"నువ్వే పెట్టించావు. కోళ్ల దొంగతనం కేసులో లోపలికొచ్చి, ఆకలికి ఓర్చుకోలేక పంచాయితీ పెద్ద ఏనుగు కాళ్ల మీద పడి ఏడ్చావు. మరిచిపోయినావా?"

శేషప్ప ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు. ఒక్క గాడిదకు మేత ఎంతలే అనుకుని, ఒక మోపు చొప్ప తానే మోసుకొచ్చి పడేశాడు. పోతూ పోతూ గోడ దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"చెంగమ్మా, నువ్వు తెలివైనదానివి. నీ ఒక్కదానికి చిక్కం తీసేస్తా, బరువు సగం చేస్తా. రేపొచ్చి, తప్పయిందని అందరిముందూ ఒక్క మాట చెప్పు."

"నా మూతికే అడిగి ఉంటే ఇంత గట్టిగా అరిచేదాన్నా అయ్యా? నీ చెవిలోనే చెప్పేదాన్ని."

శేషప్ప పళ్లు కొరుక్కుంటూ వెళ్లిపోయాడు.

మాటకు మాట అప్పగించింది గానీ చెంగమ్మ చొప్ప ముట్టలేదు. గోడ అవతల కళ్లం చప్పుడు వినపడుతూనే ఉంది. అందరూ తిరుగుతున్నారు. లింగన్న మామ కూడా కుంటుకుంటూ తిరుగుతున్నాడు, ఆ అడుగు ఆమెకు తెలుసు. నేను లేకపోయినా కళ్లం ఆగలేదే, ఇక వీళ్లు నా పేరు కూడా ఎత్తరేమో అనుకుంది. అంతకన్నా పెద్ద శిక్ష ఆ దొడ్డిలో ఇంకోటి లేదు.

మర్నాడు ఎండ ఎక్కేసరికి గేటు కిర్రుమంది. ఓబులేసు లోపలికొచ్చాడు. వెనకే లింగన్న.

"మీరేం చేశారు?" అంది చెంగమ్మ.

"నేను మామతో, ఎండ బాగా కాస్తోంది కదా అన్నా అక్కా," అన్నాడు ఓబులేసు.

"వాడంతటి మాటన్నాక ఊరుకుంటే బాగుండదని నేను ఊఁ అన్నా," అన్నాడు లింగన్న. మెల్లగా ఆమె పక్కన చేరి, "నిన్న నువ్వు అడిగితే పలకలేదమ్మా. రాత్రంతా మోకాలి కంటే అదే నొప్పి పెట్టింది," అన్నాడు.

చెంగమ్మ తన చొప్పలోంచి మెత్తటి ఆకులు ఏరి ఆయన ముందుకు నెట్టింది.

గంగులప్ప ఇద్దరి చిక్కాలూ విప్పి గోడ మీద వేశాడు. కాసేపటికి ఇంకో ఎద్దు వచ్చింది, దాని వెనక ఇంకో రెండు. మధ్యాహ్నానికి దొడ్డి నిండింది. నీడ ఉంది, మేత ఉంది, మూతికి గాలి తగులుతోంది, ఎంతసేపు మాట్లాడినా అడిగేవాడు లేడు. చెంగమ్మ మధ్యలో కూర్చుని, పని దగ్గర ఎవరి కష్టం ఏమిటో ఒక్కొక్కరి చేతా చెప్పించింది.

బయట శేషప్ప తల మీద చొప్పమోపులు మోస్తున్నాడు. ఇంతమందికి ఒక్క పూట మేత మోసేసరికే నాలుక గడ్డం దాకా వేలాడింది. పైగా కొండ మీద మబ్బు పట్టింది. తొక్కని కంకులు కళ్లంలో అట్లానే ఉన్నాయి. తడిస్తే మొలకలొస్తాయి. జొన్నలు పోతే కోళ్లు పోతాయి, కోళ్లు పోతే తానేం తినాలి?

"గంగులప్పా, అందరినీ వదిలెయ్. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నా."

గంగులప్ప గేటు తీశాడు. చెంగమ్మ ముందు నడిచింది. గేటు బయట కాలు పెట్టగానే తీరిగ్గా వెనక్కి తిరిగింది. "మామా, మబ్బు పట్టినట్టుంది కదా?"

"ఊఁ, పట్టింది," అన్నాడు లింగన్న.

"నేనూ అదే అంటున్నా," అన్నాడు ఓబులేసు. వెనక ఎడ్లన్నీ మబ్బు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి.

"విన్నావా గంగులప్పన్నా," అంది చెంగమ్మ, "శేషప్ప గారు పెట్టిన రూలు తప్పాం. మళ్లీ లోపలికి పోతాం." అందరూ వరసగా తిరిగి దొడ్డిలోకి నడిచారు.

గంగులప్ప గేటు వేసి శేషప్ప వైపు చూశాడు. "సాయంత్రం మేత వేళవుతోంది."

శేషప్ప మబ్బును చూశాడు, చొప్పవామిని చూశాడు, గోడ మీద వేలాడుతున్న చిక్కాలను చూశాడు. కూలబడ్డాడు.

"సరే తల్లీ. మాటల మీద రూలు తీసేశా. నడిపొద్దున నీడ ఇస్తా. ఆ ఒక్క కాసేపూ చిక్కాలు..."

"ఆ కాసేపన్నది నిన్నటి మాట. ఇప్పుడు చిక్కం అన్నదే వద్దు," అంది చెంగమ్మ. "ఆ గోడ మీదివి తీసి మంటలో వెయ్. నీ చేత్తోనే."

వేశాడు. నార కదా, భలే మండింది.

వాన రాకముందే కంకులన్నీ తొక్కారు. నడుమ నడుమ తలా ఒక కంకి నమిలారు. అయినా శేషప్ప గాదె ఏమీ తరిగిపోలేదు, వాడు ఒప్పుకోడు గానీ.

ఇప్పటికీ పని లేని రోజున వాళ్లంతా దొడ్డిలోనే కూడతారు. మొదటిసారి గంగులప్ప గేటు దగ్గర నిలబెట్టి, "పట్టి ఇచ్చిందెవరు?" అని అడిగాడు.

"ఎవరూ లేరన్నా, మేమే వచ్చినాం. మీటింగు."

"మరి మేత?"

"మాది మేమే తెచ్చుకున్నాం. నీకూ కూర్చోను చోటుంది, రా."

రూల్లో ఎక్కడా అడ్డం లేదు కాబట్టి గంగులప్ప పోయి కూర్చున్నాడు. ఆ దారినే పోతున్న శేషప్ప లోపలి మాటలు విని ఏదో అనబోయాడు. తల మీద మోసిన చొప్పమోపులు గుర్తొచ్చి, నోరు మూసుకుని చక్కా పోయాడు.

నీతి: పనివాళ్లు కలవకూడదనుకునేవాడు వాళ్లందరినీ ఒకే దొడ్డిలో పెట్టకూడదు.