వెనక సీటు

హిమజకు ముందు నడవాలని ఉండేది.

మదనపల్లెలో ప్రతి ఆదివారం తెల్లారేసరికి ఆరేడుగురు సైకిళ్లతో ఒకచోట చేరేవాళ్లు. వాళ్లకు ఖలందర్ సాహెబ్ గురువు. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పడుచుతనంలో ఒక ఫకీరు వెంట కొన్నేళ్లు తిరిగాడని చెప్పుకునేవాళ్లు. ఆయన దగ్గరికి ఎవరైనా వచ్చి మనసు బాగాలేదనో, నాలుగు మంచిమాటలు చెప్పమనో అడిగితే, "సైకిల్ ఉండాదా?" అనేవాడు. ఉందంటే ఆదివారం రమ్మనేవాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవాళ్లు.

ఊరు దాటి, టమాటా తోటల మధ్యగా కొండల వైపు పోయి, ఏదో ఒక పల్లెలో టిఫిను తిని, ఎండ ముదరకముందే తిరిగిరావడం. అంతే ఆ సత్సంగం. ఎప్పుడూ ఉస్తాదే ముందు. ఆయన ఎటు తిరిగితే అందరూ అటు.

హిమజ పళ్ల డాక్టరు. చేరిన ఏడాదికే ఆ గుంపులో ఆమెను మించి తొక్కేవాళ్లు లేకుండా పోయారు. ఎంత ఎత్తైనా సీటు మీంచి లేవకుండా ఎక్కేసేది. పైన నిలబడి మిగతావాళ్ల కోసం చూసేది. మందుల షాపు రెడ్డెప్ప ఎప్పుడూ ఆఖరు. ఆయన రొప్పుకుంటూ పైకి చేరేసరికి ఆమె మళ్లీ బయల్దేరేది.

ఆ చలికాలం ఉస్తాద్ మోకాలు మొరాయించింది. ఇక ముందు నడిచే పని ఇంకొకరికి అప్పగిస్తాడని అందరూ అనుకున్నారు. ఎవరికో కూడా అనుకున్నారు. ఆయన మాత్రం ఆ మాటే ఎత్తలేదు.

ఒకరోజు హిమజ ఉండబట్టలేక ఆయన ఇంటికి పోయి అడిగేసింది.

"ఉస్తాద్, నాకు దారులన్నీ తెలుసు. ఏ మలుపులో గుంతుందో కూడా తెలుసు. నన్నెందుకు ముందు పోనియ్యరు?"

ఆయన వాకిట్లో కూర్చుని సైకిల్ చైనుకు నూనె పెడుతున్నాడు. పని ఆపలేదు.

"వచ్చే ఆదివారం నీ సైకిల్ తేవద్దు మా," అన్నాడు. "నేనొకటి తెస్తా."

ఆదివారం ఆయన తెచ్చింది ఇద్దరు తొక్కే సైకిల్. ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు. బెంగుళూరులో ఆయన స్నేహితుడి ఇంట్లో వాడకుండా పడి ఉంటే అడిగి తెప్పించాడట. దాని పక్కన నలభై దాటిన ఒకావిడ నిలబడి ఉంది. చుడీదారు వేసుకుంది. చేతిలో తెల్లకర్ర.

"ఈమె నాగరత్న," అన్నాడు ఉస్తాద్. "నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకునింది. రత్నా, ఈమె హిమజ. ముందు ఈమె కూర్చుంటుంది."

నాగరత్న నవ్వుతూ గాలిలోకి చెయ్యి చాపింది. హిమజ ఆ చెయ్యి అందుకుంది. చల్లగా ఉంది.

ముప్పై దాటాక కంటి నరాల జబ్బుతో ఆమె చూపు కొద్దికొద్దిగా పోయిందనీ, ఇప్పుడొక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేస్తోందనీ రెడ్డెప్ప చెవిలో చెప్పాడు. కాలేజీకి రోజూ సైకిల్ మీదే పోయేదట. చూపు పోయాక మళ్లీ సైకిల్ ముట్టుకోవడం ఇదే మొదలు.

నాగరత్న కర్ర మడిచి సంచిలో పెట్టుకుంది. హ్యాండిలు తడిమింది, సీటు తడిమింది, గంట ఎక్కడుందని అడిగింది. అది ముందు సీటు వాళ్లకే ఉంటుందని తెలిసి, "అయితే నాకు పనేమీ లేదు," అని నవ్వింది.

"ఏమీ భయపడొద్దక్కా. నేను చూసుకుంటా," అంది హిమజ.

నిజంగానే చూసుకుంది. ఆ సైకిల్ అలవాటు కావడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఊరు దాటేలోపలే అందరినీ దాటేసింది. తొలి దిగుడు వచ్చింది. అక్కడ రోడ్డు అంచు వర్షాలకు కోసుకుపోయి ఉంటుంది. హిమజ వేళకు బ్రేకు నొక్కింది, గుంతను తప్పించింది, ఎదురొచ్చిన టమాటా లారీకి దారిచ్చింది. ఇంత పొడవు బండిని ఇంత ఒడుపుగా దించానే అని లోపల సంతోషపడింది కూడా.

"ఆపు మా," అంది వెనకనుంచి నాగరత్న.

"దిగుడైపోయిందక్కా, ఇంక అంతా..."

"ఆపు. దిగిపోతా."

సైకిల్ ఆగింది. నాగరత్న దిగి, కర్ర తీసి, రోడ్డు పక్కన మోరీ గోడ ఎక్కడుందో వెతుక్కుని దాని మీద కూర్చుంది. కర్రను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. "నీ తప్పేమీ లేదు," అంది. "నేనే ఆశపడినా. ఈడ్నించి ఏదైనా ఆటో ఎక్కించు, ఇంటికి పోతా. ఇంకెప్పుడూ ఎక్కను."

మిగతావాళ్లు వచ్చి ఆగారు. హిమజ ఉస్తాద్‌ను పక్కకు తీసుకుపోయింది.

"నేనేం తప్పు చేసినా ఉస్తాద్? ఒక్క గుంతలో పడలేదు. ఒక్కసారి తూలలేదు. మీరే వెనక కూర్చున్నా ఇంతకంటే జాగర్తగా తేలేను."

ఉస్తాద్ తన సైకిల్ రెడ్డెప్పకు ఇచ్చాడు. ఇద్దరు తొక్కే సైకిల్‌ను తోసుకుంటూ వెనక్కి, దిగుడు మొదలయ్యే చోటికి కుంటుకుంటూ నడిచాడు. హిమజ వెంట నడిచింది. పైకి చేరాక భుజం మీది గళ్ల రుమాలు తీసి ఆమె కళ్లకు కట్టాడు.

"వెనక కూర్చో మా."

కూర్చుంది. సైకిల్ కదిలింది.

మొదట్లో ఆమెకు నవ్వొచ్చింది. రోజూ పోయే దిగుడే కదా. కానీ కాసేపట్లోనే గాలి చెవుల్లో హోరెత్తింది. ఎంత దూరం వచ్చారో, ఇంకెంత ఉందో అంతు చిక్కలేదు. సైకిల్ ఉన్నట్టుండి ఎడమకు ఒరిగింది. ఎందుకు ఒరిగిందో తెలియలేదు. పడిపోతున్నామనుకుంది. పడలేదు. ఎక్కడో లారీ మోత. ముందు నుంచో వెనక నుంచో తెలియలేదు. ఆ మోత దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది.

"ఉస్తాద్! ఏమొస్తా ఉంది?"

జవాబు లేదు.

"ఉస్తాద్! ఏమన్నా చెప్పండి!"

జవాబు లేదు. చిన్న రాయి మీద చక్రం ఎక్కి దిగింది. తన ఒంట్లో ఇంత భయం ఉందని ఆమెకు అంతవరకు తెలియదు.

సైకిల్ ఆగింది. ఉస్తాద్ రుమాలు విప్పాడు. హ్యాండిలు మీద బిగుసుకుపోయిన తన వేళ్లను హిమజ ఒక్కొక్కటే విడదీసుకోవాల్సి వచ్చింది. ఆయన ఆ రుమాలుతోనే మొహం తుడుచుకుని, తన సైకిల్ తీసుకుని, "హోటల్ కాడ ఉంటాం," అని మిగతావాళ్లతో వెళ్లిపోయాడు.

హిమజ పోయి మోరీ గోడ మీద నాగరత్న పక్కన కూర్చుంది. ఒక గొర్రెల మంద వాళ్లను దాటిపోయింది.

"అక్కా," అంది చివరికి. "నాకు చెప్పాలని తోచలేదు. ఏమొస్తుందో నాకు కనిపిస్తా ఉంది గదా, అది చాలనుకున్నా."

నాగరత్న చేతిలో కర్రను మెల్లగా తిప్పింది.

"చూపున్నప్పుడు నేనూ అంతే," అంది. తర్వాత కొంచెం ఆగి, "ఇంకోసారి ఎక్కితే చెప్తావా?" అని అడిగింది.

"అన్నీ చెప్తా."

"మెల్లిగా పోతావా?"

"నువ్వెంతంటే అంత."

ఈసారి హిమజ బయల్దేరే ముందే చెప్పింది, బయల్దేరుతున్నామని. ఎడమకు మలుపని చెప్పింది. గతుకని చెప్పింది. వెనకనుంచి మోటర్‌సైకిల్ వస్తోంది, పెద్దదేమీ కాదని చెప్పింది. పోయింది, ఇంక రోడ్డంతా ఖాళీ అని చెప్పింది. నాగరత్న "ఊఁ" కొడుతూ వచ్చింది. కొంతదూరం పోయాక అడిగింది.

"రోడ్డు సంగతి సరే. పక్కన ఏముండాయి?"

"చెట్లు."

"ఏం చెట్లు?"

హిమజ తలెత్తి చూసింది. "చింతచెట్లు. వరసగా ఉన్నాయి."

"కాయలుండాయా?"

"ఉన్నాయి. గుత్తులు గుత్తులుగా."

"వాటి అవతల?"

"తోట. టమాటా. కట్టెలు పాతి తాళ్లు కట్టినారు. పచ్చగా ఉంది."

"ఏ పచ్చ?"

"ఏ పచ్చేందక్కా, పచ్చంటే పచ్చే గదా."

"అట్ల గాదు మా," అంది నాగరత్న. ఆ గొంతులో ఇప్పుడు భయం లేదు. "మునగాకు పచ్చ ఒకటుండాది. మామిడాకు పచ్చ ఒకటుండాది. మా సారు దగ్గర పచ్చ కలపడానికే నాకు ఒక ఎండాకాలం పట్టింది. సరిగ్గా చూసి చెప్పు."

హిమజ సైకిల్ వేగం తగ్గించింది. ఈ తోట పక్కనుంచి ఆమె ఎన్ని ఆదివారాలు పోయిందో. ఇప్పుడు చూసింది.

"మునగాకు పచ్చ," అంది. "కాదు, అంతకంటే ముదురు. పైన ఎండ పడిన చోట మాత్రం లేతగా ఉంది. కింద నీళ్లు పారిన చోట కొంచెం నలుపు కలిసినట్టుంది."

"ఆఁ," అంది నాగరత్న, ఏదో నోట్లో వేసుకుని రుచి చూసినట్టు. "అది."

అప్పుడు హిమజకు కాళ్లకింద తేడా తెలిసింది. అంతవరకు వెనక పెడళ్ల మీద నాగరత్న పాదాలు ఊరికే తిరుగుతూ వచ్చాయి. ఇప్పుడు వెనకనుంచి బలం వస్తోంది. ఇద్దరూ తొక్కుతున్నారు. సైకిల్ తేలికైంది.

మల్బరీ తోటలు దాటారు. ఒక ఇంటి ముందు ఆరేసిన దుప్పటి మీద పిల్లి పడుకుని ఉందని చెబితే నాగరత్న ఏ రంగు పిల్లి అని అడగలేదు, దుప్పటి ఎవరిదో పాపం అని నవ్వింది. కొండ మీద మంచు ఇంకా విడలేదని హిమజ చెప్పింది. తర్వాత అడక్కముందే చెప్పసాగింది.

"కరెంటు తీగ మీద ఏదో పిట్ట కూర్చుని ఉందక్కా. మట్టిరంగు. పేరు తెలీదు. అంత చూడబుద్ధయ్యేదేమీ కాదు. ఉండు, ఎగురుతోంది... అబ్బ!"

"ఏమైంది? గుంతా?"

"కాదక్కా! రెక్కలు! రెక్కలు విప్పితే అంతా నీలం! లోపలంతా నీలమే!"

"పాలపిట్ట," అంది నాగరత్న మెల్లగా. "యాడికి పోతాంది?"

"తోట మీదుగా. ఒక పల్టీ కొట్టింది. పోయింది. చింతచెట్ల అవతలికి పోయింది."

ఇద్దరూ అదే ఊపున తొక్కారు.

వాళ్లు హోటల్ చేరేసరికి మిగతావాళ్లు తినడం కూడా అయిపోయింది. తనకంటే వెనక వచ్చేవాళ్లు ఉన్నందుకు రెడ్డెప్ప తెగ సంబరపడిపోయాడు. దగ్గరుండి వాళ్లిద్దరికీ ఎర్రకారం దోసెలు వేయించాడు. కారానికి హిమజ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాగరత్న ఇంకొకటి వేయమంది.

తింటూ తింటూ ఆమె దారి సంగతులు చెప్పసాగింది. చింతకాయలు, మంచు, దుప్పటి మీది పిల్లి. పాలపిట్ట దగ్గరికి వచ్చేసరికి మాటలు చాలలేదు. గ్లాసులో వేలు ముంచి, తడి వేలితో బల్ల మీద గీసింది. మొదట తీగ. తీగ మీంచి లేచిన ఒక వంపు. తర్వాత రెండు రెక్కలు, విచ్చుకుని, ఒక పక్కకు ఒరిగి.

"అదే," అంది హిమజ. "అచ్చం అట్లే ఒరిగింది."

ఉస్తాద్ టీ గ్లాసు పక్కన పెట్టి ఆ బొమ్మను చూశాడు. నీళ్లు ఆరి, బల్ల మళ్లీ ఒట్టి బల్ల అయ్యేదాకా చూశాడు. నాగరత్న చిన్నప్పుడు ఆయన దగ్గర బొమ్మ దిద్దించుకోవడానికి వచ్చినప్పుడు ఏమనేవాడో మిగతావాళ్లకు తెలియదు. ఆ రోజు మాత్రం ఆమె గ్లాసులో మళ్లీ నీళ్లు పోశాడు.

తిరుగు ప్రయాణంలో అందరూ కలిసే వచ్చారు. ఎండ వెచ్చగా, హాయిగా ఉంది. వంక మీద వంతెనకు ముందు ఒక పొడుగాటి దిగుడు ఉంది. ఆ దారంతటికీ పెద్ద దిగుడు అదే. దాని నెత్తిన హిమజ సైకిల్ ఆపింది.

"ఇక్కడ దిగుడుందక్కా. పొద్దుటి దానికంటే పెద్దది. దిగి నడుద్దామా?"

నాగరత్న ఆలోచించింది.

"ఎట్లుండాదో చెప్పు."

"దారి నున్నగా ఉంది. మలుపుల్లేవు. రెండు పక్కలా కానుగచెట్లు, నీడ పడుతోంది. ఎదురుగా ఎవరూ లేరు. కింద వంతెన. వంతెన దాటినాక ఎత్తు, అక్కడ సైకిల్ తనంతట తనే నిదానమైపోతుంది."

"వంకలో నీళ్లుండాయా?"

"సన్నగా పారుతున్నాయి. మెరుస్తున్నాయి."

"అయితే బ్రేకు పట్టుకోవద్దు," అంది నాగరత్న. హ్యాండిలు సర్దుకుని పట్టుకుంది. "పోనీ."

హిమజ బ్రేకు మీంచి వేళ్లు తీసేసింది.

సైకిల్ నీడల్లోకి దూసుకుపోయింది. హిమజ గొంతెత్తి చెబుతూనే ఉంది. నీడ, ఎండ, నీడ, ఒక కొంగ, వంతెన వచ్చేస్తోంది. ఆమె గొంతును మించి నాగరత్న కేక వినిపించింది. చిన్నపిల్లలు ఉయ్యాల మీద అరిచే అరుపు. అది వంక దాకా పోయి, కొండకు తగిలి, మళ్లీ వచ్చింది.

పైన రెడ్డెప్పకు ఆగబుద్ధి కాలేదు. పెడల్ మీద కాలు పెట్టాడు.

"మనమూ పోదామా ఉస్తాద్?"

ఉస్తాద్ ఒక కాలు నేల మీద ఆనించి కిందికి చూస్తున్నాడు.

"ఉండప్పా," అన్నాడు. "వాళ్లను ముందు పోనీ."