చెంచమ్మ తట్ట

మనుషుల పుట్టినరోజులు ఎవరికీ గుర్తుండని, ఎద్దుల వయసు మాత్రం పళ్ళు చూసి అందరూ చెప్పగలిగిన కాలంలో, ముళ్లవాగు ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఒక గొడ్లాసుపత్రి. ఆసుపత్రిలో ఒక డాక్టరు, ఒక చెంచమ్మ. డాక్టరు మందు పోసేవాడు. చెంచమ్మ గొడ్డు మూతి పట్టుకునేది, ఆ తర్వాత ఆవరణ ఊడ్చేది. డాక్టరు మంచివాడే. గొడ్లతో ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. మనుషులతో అడిగితేనే మాట్లాడేవాడు.

చెంచమ్మకు గొడ్డూ లేదు, గోదా లేదు. ఆమెకూ, ఆమెలాంటి కొన్ని కుటుంబాలకూ సర్కారు వాళ్ళు ఊరి చివర రాళ్లమిట్ట ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు. కరణం చావడి ముందు నిలబడి షరతు చెప్పాడు.

"మూడు వానకాలాలు చూస్తాం. ఆలోపు గింజ పండించారా, మిట్ట మీది. పండించలేదా, మాలకొండయ్య గారి బీడులో కలిసిపోతుంది."

మాలకొండయ్య ఆ ఊరి పెదకాపు. షరతు చెబుతున్నంతసేపూ కరణం ఆయన మొహమే చూశాడు. ఆయన తల ఊపాకే తర్వాతి మాట వచ్చేది.

మొదటి వాన కురిసింది. మిట్టవాళ్ళు సజ్జ చల్లారు. మొలక పసుపు పచ్చగా లేచి, నాలుగు వైపులా చూసి, ఇక్కడ బతకడం కష్టమని పడుకుంది.

"నేలకు ఎరువు కావాలి," అంది చెంచమ్మ. తట్ట పట్టుకుని ఊళ్ళోకి బయల్దేరింది. ఒక ఇంటివాళ్ళు, మా పేడ మా చేనికే చాలదన్నారు. ఇంకో ఇంటివాళ్ళు, మా ఆవు ఈమధ్య సరిగ్గా పేడ వెయ్యడం లేదన్నారు. ఆవు అప్పుడే వేస్తోంది. మాలకొండయ్య అరుగు మీద నుంచి దిగకుండానే అన్నాడు.

"ఏమే చెంచీ, గొడ్డు లేనిదానికి పేడ ఎందుకే?"

పేడే కదా అంటారు. గొడ్డున్నవాళ్ళే అలా అంటారు.

చెంచమ్మ ఖాళీ తట్టతో ఆసుపత్రికి వచ్చింది. అప్పుడే డాక్టరు ఒక ఎద్దుకు మందుగొట్టం చూపించాడు. ఎద్దు భయపడింది, పేడ వేసింది. ఎద్దుగలాయన వంగి, ఆ పేడకడిని తలగుడ్డలో మూట కట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ చెంచమ్మ అది చూస్తూనే ఉంది. ఆ రోజే ఆలోచించింది.

"డాక్టరయ్యా, కంచె లోపల పడింది ఎవరిది?"

డాక్టరు ఎద్దు నాలుక చూస్తూ అన్నాడు. "ఆసుపత్రిది."

"ఆసుపత్రి ఎవరిది?"

"ఊరిది."

"ఊళ్ళో గొడ్డు లేనివాళ్ళు ఉన్నారా లేరా?"

"ఉన్నారు."

"అయితే ఇది వాళ్ళది."

డాక్టరు ఎద్దు మొహంలోకి చూశాడు. ఎద్దు అభ్యంతరం చెప్పలేదు. "సరే, రేపటి నుంచి అలాగే," అన్నాడు.

మర్నాటి నుంచి అదే వరస. ఎద్దు భయపడింది, పేడ వేసింది, చెంచమ్మ తట్ట తెచ్చింది. గాలికుంటు తగిలిన గొడ్డు పేడను మాత్రం డాక్టరు దూరంగా గుంట తీయించి పూడ్పించేవాడు. మిగతాది ఆసుపత్రి వెనక కుప్ప పడేది. ఆకూ అలమూ కలిపి మాగబెట్టి, మిట్టవాళ్ళు మోసుకుపోయేవాళ్ళు.

మాలకొండయ్యకు ఇది మింగుడుపడలేదు. మొదటిసారి, తన ఎద్దు ఇంటి దగ్గరే పేడ వేసేదాకా దాని తోక వెనక నిలబడి, ఆ తర్వాత తోలుకొచ్చాడు. మందుగొట్టం చూడగానే ఎద్దు భయపడింది, పేడ వేసింది, చెంచమ్మ తట్ట తెచ్చింది. రెండోసారి తోక కింద గోనెపట్టా కట్టి తెచ్చాడు. ఎద్దు వెనక కాలితో ఒక్కటి తన్నింది. పట్టా కంచె అవతల పడింది, పేడ ఇవతల పడింది. ఆ ఎద్దుకు యజమాని కంటే దానగుణం ఎక్కువని ఊళ్ళో అనుకున్నారు, ఆయనకు వినపడకుండా.

మూడోసారి మాలకొండయ్య పంచాయితీ పెట్టించాడు.

"ఎద్దు నాది. మేత నాది. పేడ దీనిది ఎట్లా అవుతుంది?"

ఈ కుప్ప పోతే మిట్ట పోయినట్టే. చెంచమ్మ లేచి నిలబడింది.

"ఎద్దు కాపుగారిదే. మేతా కాపుగారిదే. భయం మాత్రం ఆసుపత్రిది. ఆ భయం లేకపోతే పేడ పడేదే కాదు. ఆసుపత్రి ఇచ్చిన భయాన్ని కాపుగారు వెనక్కి ఇస్తే, పేడ నేను వెనక్కి ఇస్తాను."

పెద్దలు మీసాలు దువ్వుకున్నారు. మీసాలు లేనివాళ్ళు గడ్డాలు గోక్కున్నారు. భయాన్ని వెనక్కి ఇచ్చే పద్ధతి ఎవరికీ తోచలేదు. కుప్ప మిట్టకే ఉండిపోయింది.

రెండో వానకు సజ్జ మోకాలెత్తు లేచింది, కంకి మాత్రం పాలు పట్టలేదు. మూడో వానకు మిట్ట మీద మనిషి దాగేంత చేను. కరణం వచ్చి ఒక కంకి నలిపాడు, ఇంకో కంకి నలిపాడు, మూడోది కూడా నలిపాడు. అన్నింట్లోనూ గింజలే ఉన్నాయి. పాపం, ఆయన తప్పేం లేదు.

"పండింది," అన్నాడు చిన్నగా. మిట్ట మిట్టవాళ్ళదైంది.

ఆ మరుసటేడు వాన మొహం చాటేసింది. ఊళ్ళో వాములన్నీ గొడ్లు తినేశాయి. మిట్టవాళ్ళకు తినే గొడ్లు లేవు కాబట్టి వాళ్ళ చొప్పవామి కదలకుండా ఉంది. మాలకొండయ్య ఎద్దుకు డొక్కలు బయటపడ్డాయి. ఆయన ఒకరోజు మిట్ట వైపు నడుచుకుంటూ వచ్చాడు.

"ఏం చెంచమ్మా, బాగున్నావా?" అని వెళ్ళిపోయాడు.

చెంచీ చెంచమ్మ అయిందంటే కరువు బాగా ముదిరిందన్నమాట.

రెండోరోజు వచ్చి, "వామి బాగా వేశారే," అని వెళ్ళిపోయాడు. మూడోరోజు ఎద్దును పట్టుకొచ్చి అక్కడ నిలబడ్డాడు.

మిట్టవాళ్ళు చెంచమ్మ వైపు చూశారు. ఇప్పుడొక మాట అనడానికి ఆమెకు హక్కుంది. మేత లేనివాడికి గొడ్డెందుకని అడగమని, పక్కింటావిడ ఆ మాట అందించను కూడా అందించింది. చెంచమ్మ అది తీసుకోలేదు.

"కాపుగారూ, మా గుమ్మంలో అడిగితే మీకు చిన్నతనం. గొడ్డును ఆసుపత్రికి తోలుకురండి. మందుతో పాటు మేత కూడా ఇస్తారు. ఎవరు పెట్టారని గొడ్డు అడగదు, మీరూ అడగొద్దు."

ఆ రోజే మిట్టవాళ్ళు వామి విప్పి, చొప్ప మోపులు ఆసుపత్రి ఆవరణలో దించారు. ఆ కరువులో ఊరి గొడ్లన్నీ అక్కడే మేశాయి. మేసినచోటే పేడ వేశాయి. ఎవరూ తలగుడ్డ విప్పలేదు.

చెంచమ్మ ముసలిదై, ఒక ఏరువాక ముందు పోయింది. ఆమెను సాగనంపి వచ్చాక, మాలకొండయ్య తన దొడ్లో నుంచి తట్టెడు పేడ నెత్తిన పెట్టుకుని నడివీధిలో నడిచాడు. అంతకుముందు ఆయన నెత్తిన తలపాగా తప్ప ఏమీ మోయలేదు. తిన్నగా వెళ్ళి ఆసుపత్రి వెనక కుప్ప మీద పోశాడు. ఆయన వెనకే ఊరంతా పోసింది. పేడ సరిగ్గా వెయ్యని ఆవుగల వాళ్ళు కూడా రెండు తట్టలు తెచ్చారు.

ఇప్పటికీ ఏరువాకకు ముందు, గొడ్డున్న ప్రతి ఇంటి నుంచీ ఆసుపత్రికి ఒక తట్ట వెళుతుంది. దాన్ని చెంచమ్మ తట్ట అంటారు. గొడ్డు లేనివాళ్ళు వచ్చి ఆ కుప్పలోంచి ఎత్తుకుపోతారు, ఎవరూ పేరు అడగరు. ఆసుపత్రి కంచె లోపల గొడ్డు పేడ వేస్తే, యజమాని మొహం పక్కకు తిప్పుకుంటాడు.

ఇంకొకరికి చెయ్యి విదల్చనివాడు ఎవరైనా కనిపిస్తే, ఆ ఊళ్ళో తిట్టరు. ఒకటే మాట అంటారు.

"వీడికంటే వీడి ఎద్దు నయం."