ఎండ వైపు గీతలు

యోంగ్‌హ్వాకు ఆరు రోజులుగా అన్నం సయించడం లేదు. తనకు సముద్రంలో మునగడం నేర్పిన సున్‌బోక్ అవ్వ ఆరు రోజులుగా ఖాళీ సంచితో ఒడ్డుకు వస్తోంది.

"వారం పాటు ఏమీ దొరక్కపోతే ఇంక నీళ్ళలోకి దిగను" అని అవ్వ ఎప్పుడో అనేసింది. అన్న మాట మీద నిలబడే మనిషి. మిగిలింది ఒక్క రోజే.

జేజు దీవిలో సముద్రంలో మునిగి బతికేది ఆడవాళ్ళే. అక్కడి అగ్నికొండ ఏ కాలంలోనో కరిగి పారి, కెరటాల్లోకి దిగి, చల్లారి నల్లరాయైంది. ఆ రాళ్ళ మీదే అబలోన్లు బతుకుతాయి. అరచెయ్యంత గుల్లలు. రాతిని కరుచుకుని ఉంటే ఇనప ఉలి దూర్చి పెకలించాలి. పైకి తేలాక ఆసరాకు ఎండిన సొరకాయ బుర్ర, దానికి వేలాడే వలసంచి. ఇప్పుడు ఆ బుర్రలు పోయి నురగ బంతులు వచ్చాయి. అవీ తేలతాయి, కాదనను. కానీ ఆ రోజుల్లో ఏ రెండు బుర్రలూ ఒక్కలా ఉండేవి కావు. ఒడ్డున నిలబడి చూస్తే ఎవరు ఎక్కడున్నారో తెలిసేది.

ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్ళు ముసలివాళ్ళవి. వయసులో ఉన్నవాళ్ళు ఎంత గడవకపోయినా అక్కడ వేటాడరు. డెబ్బై నాలుగేళ్ళ సున్‌బోక్ అవ్వ కొన్నేళ్ళుగా అక్కడే మునుగుతోంది. పైకి తేలి ఆమె వదిలే ఊపిరి ఈల ఒకప్పుడు రేవు దాకా వినిపించేది. ఇప్పుడు పక్కనున్న వాళ్ళకే వినిపిస్తుంది.

యోంగ్‌హ్వాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో అందరికంటే లోతుకు వెళ్ళేది ఆమే. అయినా పైకి తేలగానే ఆమె కళ్ళు ముందు అవ్వ బుర్ర కోసమే వెతుకుతాయి. మెడ దగ్గర కాస్త వంకరగా ఉండే బుర్ర అది. అది కనిపించని సముద్రం ఎలా ఉంటుందో ఆమె ఎరగదు. ఎరగాలనీ లేదు.

ఏడో రోజు తెల్లవారగానే ఆమె అందరికంటే ముందు దిగింది. లోతులో ఒక పెద్ద అబలోన్‌ను దెబ్బ తగలకుండా పెకలించింది. తెచ్చి, అవ్వ మునిగే చోట ఉన్న పెద్ద రాతికి ఆనించి పట్టుకుంది. కాసేపటికి అది రాతిని కరుచుకుంది.

ఆ మధ్యాహ్నం అవ్వ సంచిలో అది ఉంది. చలిమంట చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళందరూ దాని సైజు చూసి ముచ్చటపడ్డారు. అవ్వ ఊరికే తల ఊపింది. యోంగ్‌హ్వా ఆ పూట రెండు గిన్నెలు తింది. అవ్వకే తెలియకుండా అవ్వను నిలబెట్టానని లోలోపల కాస్త గర్వపడింది కూడా.

మర్నాడూ అలాగే చేసింది. ఆ మర్నాడూ అంతే.

నాలుగోనాడు అవ్వ నీళ్ళలోంచే కేకేసింది.

"యోంగ్‌హ్వా, ఇలా రా. ఈ పెద్ద రాయికి ఎండ పడే వైపు చేత్తో తడిమి చూడు."

యోంగ్‌హ్వా ఈదుకుంటూ వచ్చింది. మునిగింది. వేళ్ళతో నాచు పక్కకు తోసింది. కింద గీతలు తగిలాయి. ఒకటీ రెండూ కాదు, పదుల కొద్దీ. ఉలి మొన గీసినవి, ఏనాటివో, అంచులు అరిగిపోయాయి.

ఎండ పడే వైపు అబలోన్ ఉండదు. రాతి కింద నీడలో దాక్కుంటుంది. అవ్వ నేర్పిన మొదటి పాఠమే అది. కంగారులో తాను మూడు రోజులూ ఎండ వైపే అంటించానని యోంగ్‌హ్వాకు అప్పుడు తెలిసి, నీళ్ళలోనే సిగ్గుతో ముఖం వేడెక్కింది. అది సరే, ఏమీ దొరకని వైపు ఇన్నిసార్లు ఉలి పెట్టిందెవరు?

పైకి తేలింది.

"పాత గీతలున్నాయి అవ్వా. ఎవరివి?"

"మా గురువువి. చివరి ఐదేళ్ళూ ఆవిడ ఇక్కడే మునిగింది." అవ్వ బుర్ర మీద గడ్డం ఆనించుకుంది. "నేనూ ఎండ వైపే పెట్టేదాన్ని."

అవ్వ కూడా ఎవరి బుర్ర కోసమో వెతుక్కున్న మనిషేనని యోంగ్‌హ్వాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు.

"ఆవిడకు తెలుసా?"

"అబలోన్ ఎక్కడుంటుందో నాకు నేర్పింది ఆవిడే కదా."

"మరి ఏమీ అనలేదా?"

"ఐదేళ్ళూ ఒక్క మాట అనలేదు. నాకు అంత ఓపిక లేదు."

అవ్వ ఉలిని చేతికి సర్దుకుంది. మునగబోతూ ఆగింది.

"రేపటి నుంచి నీడ వైపు పెట్టు," అంది. "వెతుక్కోవాలి కదా నేను."