దివాను గారు చెరిపేసిన మెయిలు

పూర్వం ఒక రాజ్యంలో కోట పాతదే గానీ, కచేరీలో మెయిలు సర్వరు మాత్రం కొత్తది. దివాను ఏ ఆజ్ఞ ఇచ్చినా మెయిల్లోనే ఇచ్చేవాడు.

ఒకనాడు రాజుగారి పల్లకీ మోసే కర్ర విరిగి కనిపించింది. "దీన్ని ఎవరు బయటికి తీశారు?" అని రాజు మండిపడ్డాడు.

బోయీ దాలయ్య చేతులు కట్టుకుని, "తమ వియ్యపురాలిని పల్లకీలో తీసుకురమ్మని దివాను గారి మెయిలొచ్చింది, దొరా" అన్నాడు.

"పచ్చి అబద్ధం. ఉంటే చూపించమనండి" అన్నాడు దివాను.

దాలయ్య మెయిళ్లు తెరిపిస్తే అది లేదు. పొద్దున్నే దివాను తన దగ్గరా, దాలయ్య దగ్గరా దాన్ని చెరిపేయించాడు. కొలువు ఊడేలా ఉందని దాలయ్యకి అర్థమైంది.

"దొరా, చెరిపేసినవి బ్యాకప్ నుంచి తీయొచ్చంటారు గదా. దివాను గారు ఇన్నేళ్లుగా చెరిపినవన్నీ తీయించి సభలో చదివించండి. ఇది అందులో లేకపోతే నన్ను పంపేయండి."

"అలాగే కానీ" అన్నాడు రాజు.

దివాను గబుక్కున ముందుకొచ్చాడు. "ఒక్క మెయిలు కోసం అంత శ్రమ దేనికి ప్రభూ? ఇప్పుడే గుర్తొచ్చింది. అది నేనే పంపాను."

కొత్త కర్ర దివానునే చేయించమని చెప్పి, రాజు సరదాపడ్డాడు. "ఇంతకీ ఆ బ్యాకప్ ఏదీ? నేనూ చూస్తాను."

"లేదు దొరా" అన్నాడు దాలయ్య తాపీగా. "సర్వరు అమ్మిన షావుకారు బ్యాకప్ డిస్కులు తెస్తే, అవెందుకో వినకుండానే దండగని దివాను గారు తిప్పి పంపేశారు. ఆ పెట్టెని పొలిమేర దాకా మోసింది నేనే."